జాడించిన నీళ్లు

నాది మందుల దుకాణం. మనుషుల మందులు కావు, పంటల మందులు. ఖానాపూర్ దగ్గరి పల్లె నుంచి ఇరవై ఏళ్ల వయసులో ఈ మరమగ్గాల ఊరికి గుమాస్తాగా వచ్చి, ఆ తర్వాత అదే బజారులో సొంతంగా దుకాణం పెట్టుకున్నాను. రైతు అంగీ జేబులోంచి ఒక ఆకు తీసి బల్ల మీద పెడితే, దానికి పట్టింది పురుగో తెగులో చెప్పేవాణ్ని. చాలాసార్లు నా మాట నిజమయ్యేది. అందుకే చుట్టుపక్కల ఊళ్లలో నా మాటకు కాస్త విలువ ఉంది. ఆ విలువను నేను ఒక ఆడమనిషి మీద ఎట్లా వాడానో చెప్పుకోవాలంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

మా కాలనీ నడుమ పార్కు కోసం వదిలిన జాగా ఒకటుంది. ఏళ్ల తరబడి అందులో పాత పరుపులు, కొబ్బరి బొండాలు, ఇళ్లు కట్టుకున్నవాళ్లు పారబోసిన కంకర తప్ప ఇంకేమీ ఉండేవి కావు. కరెంటు శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దసారు నాలుగేళ్ల కింద ఇంటింటికీ తిరిగాడు. "మున్సిపాలిటోళ్లు చేస్తరని కూసుంటే మనం పోతం గని పార్కు రాదు. ఆదివారం పొద్దున రెండు గంటలు, ఇంటికొకరు రాండ్రి" అన్నాడు. పది పన్నెండు ఇళ్ల వాళ్లం కూడాం. చెత్త ఎత్తాం, కంకర ఏరాం, ఎర్రమన్ను పోయించాం. మందారాలు, నందివర్ధనాలు, గన్నేర్లు, నీడకు కానుగలు పెట్టాం. ఒక్కో ఇంటికి ఒక్కో ముక్క పంచి ఇటుకలతో హద్దులు పెట్టాడు పెద్దసారు. పడమటి గోడ పక్క ముక్క నాకు వచ్చింది. దాని పక్కనే అందరూ కలిసి పెట్టిన మందారాల వరుస.

పెద్దసారు మొదటి రోజే ఒక కట్టుబాటు పెట్టాడు. "పిల్లలు ఆడుకునే జాగ. మందులు గిందులు కొట్టేది లేదు. గడ్డి చేతితోనే పీకాలె." ఆ మాట అని నా వైపు చూసి నవ్వాడు. "నీకు నేను చెప్పాల్నా?" నేనూ నవ్వాను.

ఆదివారాలు మాతో కలవకపోయినా రోజూ ఆ పార్కుకు వచ్చే ఆడమనిషి ఒకామె ఉండేది. వెనక గల్లీలో ఒకటే అర్ర ఉన్న కిరాయి ఇంట్లో ఉండేది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఆమె పెనిమిటి మరమగ్గాల సాంచెల మీద రాత్రి డ్యూటీ చేసి, పొద్దున వచ్చి పడుకునేవాడు. ఆమె ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుడుతుంది. చుట్టే మిషన్ చప్పుడుకు ఆయనకు నిద్ర పట్టదు. అందుకని ఆయన లేచేదాకా, పగటి పూట మూడు నాలుగు గంటలు, ఆమె పార్కులో కానుగ నీడన కూర్చునేది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఎవరి ముక్క అని చూడకుండా గడ్డి పీకేది. వాలిన కొమ్మలకు పుల్లలు పాతి, మగ్గాల దగ్గర మిగిలిన చిక్కునూలుతో కట్టేది. నన్ను చూస్తే "అన్నా, గీ ఆకులు ముడుసుకున్నయ్, ఏం పట్టిందంటవ్?" అని అడిగేది. నేను చెప్పింది శ్రద్ధగా వినేది. నేను "చెల్లె" అని పిలిచేవాణ్ని.

పోయిన ఏడు ఎండలు ముందే ముదిరాయి. పార్కు బోరులో నీళ్లు అడుగంటాయి. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. మేమందరం ఆదివారం చెట్లను చూసి "పాపం" అనుకుని ఇళ్లకు పోయేవాళ్లం. ఆమె మాత్రం బట్టలు ఉతికి జాడించిన నీళ్లు బకెట్లో పట్టుకొచ్చి చెట్ల మొదళ్లలో పోసేది. మందారాల వరుస ఆ నీళ్లతోనే నిలబడింది. ఆ సంగతి అందరికీ తెలుసు. అప్పుడు ఎవరూ తప్పు పట్టలేదు.

ఉగాది నాడు అందరం పార్కులోనే కలిసి పచ్చడి పంచుకుందామని అనుకున్నాం. ఎవరి ముక్క వాళ్లు శుభ్రం చేసుకోవాలని పెద్దసారు చెప్పాడు. నా ముక్క నిండా తుంగ. తుంగ సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కరలేదు, పైన పీకితే కింద గడ్డ మిగిలి, నాలుగో రోజుకు మళ్లీ మొలుస్తుంది. నా మోకాళ్లు నొప్పి. రెండు ఆదివారాలు ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను. గల్ఫ్‌లో పెనిమిటి ఉన్న మా ఎదురింటి అక్క ఒకరోజు నా ముక్క చూసి "దునియకంత మందులిస్తవ్, నీ జాగల గడ్డి చూడు" అని నలుగురిలో నవ్వింది. అది నాకు గుచ్చుకుంది.

ఉగాదికి పది రోజుల ముందు, తెల్లవారి ఎవరూ లేవకముందే దుకాణంలోంచి తెచ్చిన గడ్డిమందు పంపులో కలుపుకుని పార్కుకు వెళ్లాను. పడమటి గాలి వీస్తోంది. గాలి ఉన్నప్పుడు గడ్డిమందు కొట్టొద్దని రోజుకు పదిమంది రైతులకు చెప్పే మనిషిని. ఆపి ఇంకో రోజు రావచ్చు. కానీ ఇంకో రోజు ఎవరైనా చూస్తారేమో. పది నిమిషాల పనే కదా అనుకుని కొట్టేశాను. పంపు కడుక్కుని ఇంటికి వచ్చేసరికి నా భార్య వాకిలి ఊడుస్తోంది. నా అంగీ వాసన పట్టింది. నా మొహం చూసి, మళ్లీ ఊడవడంలో పడింది.

మూడో రోజుకు మందారాల చిగుళ్లు మెలితిరిగాయి. వారానికి ఆకులు దోనెల్లా ముడుచుకుని, పసుపు తిరిగి రాలడం మొదలైంది. నేను ఒక్కసారి దూరం నుంచే చూసి ఏమైందో తెలుసుకున్నాను. చూసిన మరుక్షణం మొహం తిప్పుకున్నాను. నా ముక్కలో తుంగ మాడి చదునైంది, ఎండలకు మాడిందని అందరూ అనుకున్నారు.

ఉగాది పొద్దున అందరం గిన్నెలు పట్టుకుని పార్కుకు చేరాం. పచ్చడి తినడానికి ముందే అందరి కళ్లూ ఆ వరుస మీద పడ్డాయి. మూడేళ్లు పెంచిన చెట్లు. పెద్దసారు ఒక కొమ్మ విరిచి నా దగ్గరికి పట్టుకొచ్చాడు.

"ఏమైందంటవ్? నువ్వే చెప్పాలె."

ఆ కొమ్మ నా చేతిలో పెట్టాడు. అందరూ చుట్టూ నిలబడ్డారు. అది గడ్డిమందు అని చెప్పడానికి నాకు అరనిమిషం కూడా అక్కరలేదు. కొమ్మను అటూ ఇటూ తిప్పాను. చెట్టు మొదట్లోని మన్ను చేతిలోకి తీసుకుని నలిపాను, వాసన చూశాను. ఇదంతా నాటకం.

"వేరుకేదో పడ్డట్టుంది" అన్నాను.

"ఏం పడ్తది?"

"ఏమో. సబ్బుల సోడా ఉంటది గదా. ఎక్కువైతే వేరు కాలుతది."

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. ఆ చెట్లకు నీళ్లు పోసేది ఎవరో అందరికీ తెలుసు. నేను ఆమె పేరు ఎత్తలేదు కాబట్టి నింద వేసినట్టు కాదని ఆ క్షణంలోనే నాకు నేను సర్దిచెప్పుకోవడం నాకు బాగా గుర్తుంది.

ఎదురింటి అక్క గేటు దగ్గరికి పోయి ఆమెను కేకేసింది. ఆమె కొత్త చీర కట్టుకుని, తలంటుకున్న జుట్టు ఆరకముందే, పండుగకు పిలుస్తున్నారనుకుని నవ్వుతూ వచ్చింది. నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనిపించేది ఆ నవ్వే.

"ఏం పోసినవే గీ చెట్లకు?" అంది అక్క.

"జాడిచ్చిన నీళ్లక్కా. ఎప్పుడు పోసేటియే."

"సబ్బు నీళ్లు తెచ్చి పోస్తే చెట్లు బతుకుతయా? ఇంట్ల మురికంత తెచ్చి ఈడ గుమ్మరిచ్చుడేనా? మూడేండ్లు పెంచినం మేము!"

"సబ్బు నీళ్లు మోరీలనే పోస్తక్కా. ఆఖరుకు జాడిచ్చినయే తెస్త. నా మీద ఒట్టు."

"కిరాయికున్నోళ్లకు ఏం ఫికర్? ఇయ్యాల ఈడుంటరు, రేపు ఇంకోకాడుంటరు" అన్నారు వెనక నుంచి ఎవరో.

ఆమె అందరి మొహాలూ చూసింది. ఆఖరున నా దగ్గర ఆగింది. ఆ గుంపులో తన మాట అర్థం చేసుకునేవాణ్ని నేనొక్కణ్నే అనుకుంది కాబోలు.

"నువ్వు చెప్పన్నా. జాడిచ్చిన నీళ్లతోని చెట్లు చస్తయా?"

ఒక్క మాట చాలు. "చావయి" అంటే చాలు. నేను చేసింది చెప్పకపోయినా, ఆమెను వదిలేయడానికి ఆ ఒక్క మాట సరిపోయేది. నేను నేల చూస్తూ అన్నాను: "రోజు పోస్తే... ఎట్ల చెప్పొస్తది చెల్లె. జర జర పేరుకుంటది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. పచ్చడి పంచారు. నేనూ తిన్నాను.

ఇంటికి వచ్చాక నా భార్య తలుపు వేసి అడిగింది. "ఆ పొద్దు నీ అంగీకి వచ్చిన వాసన నాకు తెల్వదనుకున్నవా? గంతమంది ముందట గా మాట ఎట్ల వచ్చింది నీ నోట్లెకెల్లి?"

"మెల్లగ మాట్లాడు. తెలిస్తే దుకాణం పరువు పోతది."

"పిల్లలు ఆడుకునే కాడ కొట్టినవ్. ఆమె చేతులతోని గడ్డి పీకే కాడ కొట్టినవ్. పరువు గప్పుడు యాదికి రాలేదా?"

నేను గట్టిగా అరిచాను. పెళ్లయిన ఇన్నేళ్లలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఆమె ఆ తర్వాతి ఆదివారం నుంచి పార్కుకు రానంది. ఎందుకు రావడం లేదని ఎవరైనా అడిగితే నడుము నొప్పి అని నేనే చెప్పేవాణ్ని.

మరుసటి వారం పార్కులో ఒక బోర్డు పెట్టాలన్నారు. దుకాణం ముందు ధరల పలకలు రాసి రాసి నా దస్తూరి బాగుంటుంది. నన్నే రాయమన్నారు. రేకు మీద నీలి రంగుతో "మొక్కలకు సబ్బు నీళ్లు పోయరాదు" అని రాసి గేటు పక్కన కట్టాను. అక్షరాలు బాగా కుదిరాయని పెద్దసారు మెచ్చుకున్నాడు.

ఆ చెల్లె పార్కుకు రావడం మానేసింది. ఎండాకాలమంతా పెనిమిటి పడుకున్న వేళ తన ఇంటి ముందు మెట్టు మీద కూర్చునేది. నీడ జరిగితే తనూ గోడ వెంట జరిగేది. మిట్టమధ్యాహ్నం నీడ ఉండేది కాదు, కొంగు నెత్తిన కప్పుకుని అట్లాగే కూర్చునేది. అన్నానికి ఇంటికి వచ్చేటప్పుడు ఆ గల్లీలోంచే వచ్చేవాణ్ని. రెండు రోజులు చూసి, తర్వాత బస్టాండు వైపు తిరిగి రావడం మొదలుపెట్టాను.

వానలు పడ్డాయి. మందారాల్లో చాలావాటిని పీకి కొత్తవి పెట్టాం. గేటు పక్కది ఒక్కటి మాత్రం మోడు నుంచి చిగురేసింది. వాన మహిమ అన్నారు అందరూ. కాలం గడిచింది కాబట్టి సంగతి సద్దుమణిగిందని నేననుకున్నాను.

శ్రావణంలో ఒకరోజు ఇద్దరు రైతులు దుకాణానికి వచ్చారు. పక్కపక్క చేలవాళ్లు. ఒకతను సంచిలోంచి పత్తి కొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు.

"జర చూడు సేటూ. గిదేం రోగమో సమజైతలేదు. చేను సగం గిట్లనే అయింది."

ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. చిగురు మెలితిరిగింది.

"రోగం కాదు. గడ్డిమందు గాలికొచ్చి పడ్డది. నీ పక్క చేన్ల ఎవరన్న కొట్టిన్రా?"

రెండో అతను వెంటనే అన్నాడు. "నేనే కొట్టిన, మక్కచేన్ల. గాలి ఉండె, నేనే సోయి లేక కొట్టిన." తర్వాత మొదటి అతని వైపు తిరిగాడు. "తప్పు నాదే బామ్మర్ది. ఏం చేద్దామంటవో చెప్పు."

మొదటి అతను తిట్టాడు. కాసేపు బాగానే తిట్టాడు. రెండో అతను తల వంచుకుని ఆ తిట్లు పడ్డాడు. ఆఖరున మొదటి అతను "సరే పా, చెయ్యాల్సింది చేద్దాం" అని, చెట్లు తేరుకోవడానికి ఏం చెయ్యాలో నన్ను అడిగాడు. నేను చెప్పాను. పోతూ పోతూ అతనన్నాడు: "కొమ్మ చూడంగనే పట్టేసినవ్ సేటూ. అందుకే నీ కాడికి వస్తం."

వాళ్లు వెళ్లాక ఆ కొమ్మ బల్ల మీదే ఉంది. నేను గల్లా దగ్గర కూర్చుని ఆ రోజు ఇంకెవరికీ సరిగ్గా సమాధానం చెప్పలేకపోయాను. చేను సగం పోగొట్టినవాడు ఒక్క మాటతో ఒప్పుకున్నాడు. నేను ఒక వరుస మందారాల కోసం ఒక మనిషి మీద ఎండాకాలమంతా నింద మోపి ఉంచాను.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం పార్కులో, పని అయ్యాక చాయ్ తాగుతుంటే, చెప్పేశాను. గడ్డిమందు కొట్టింది నేనేనని, చెట్లు చచ్చింది దానివల్లేనని, ఆ రోజు తెలిసే అబద్ధం చెప్పానని చెప్పాను. ఏదో పిడుగు పడుతుందని కాచుకున్నాను.

ఎవరో అన్నారు, "దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే అయింది గదా!" అందరూ నవ్వారు. ఎదురింటి అక్క కూడా నవ్వింది. "గింతేనా? నీ మొహం చూసి ఇంకేమో అనుకున్న. పోనీయ్, కొత్తయి పెట్టినం గదా" అంది. పెద్దసారు మాత్రం నవ్వలేదు. "ఇంకెప్పుడు కొట్టకు" అన్నాడు. మళ్లీ "అయినా చెప్పినవ్, గది పెద్ద మనసు" అన్నాడు. ఆ మాట విన్నాక నేను చాయ్ కింద పెట్టేశాను. ఆ వెంటనే పేడ ఎరువు ట్రాక్టరు ఎప్పుడొస్తుందన్న మాటల్లో పడ్డారు.

"ఆ చెల్లె కాడికి పోయి చెప్దాం. ఎవరన్న నాతోని రాండ్రి" అన్నాను.

"ఇప్పుడెందుకు మల్ల కెలుకుడు? మర్చిపోయి ఉంటది" అంది అక్క. ఒకరికి మార్కెట్టు పని ఉంది, ఒకరికి చుట్టాలొస్తున్నారు. నేను గేటు దగ్గర బోర్డు విప్పేసి, ఒక్కణ్నే వెళ్లాను.

ఆమె వాకిట్లో కూర్చుని చిక్కునూలు విప్పుతోంది. నన్ను చూసి లేచి, నోటికి వేలు అడ్డం పెట్టింది. "మెల్లగన్నా. పండుకున్నడు."

మెల్లగానే చెప్పాను. మొత్తం చెప్పాను. వింటున్నంతసేపూ ఆమె చేతులు నూలు విప్పుతూనే ఉన్నాయి. నేను ముగించాక ఆగాయి.

"అయితే నా నీళ్లతోని కాదా?"

"కాదు చెల్లె."

"నువ్వు చెప్పినవంటే నిజమే అనుకున్న. వాళ్లు ఒర్లిన్రంటే ఒర్లనీ. నువ్వు చెప్పినవ్ గదా. నా చేతులే మంచియి కావనుకున్న." ఆమె తన అరచేతులు ఒకసారి చూసుకుంది. "ఇంటి ముందటి తులసికి గూడ పోసుడు బంద్ చేసిన. గేటు కాడి మందారానికి జర జీవమున్నట్టు కనవడితే, ఎవ్వరు లేనప్పుడు తాగే నీళ్లు తీస్కపోయి పోసిన, రెండు నెలలు. సబ్బు కడుక్కపోతదేమోనని."

వాన మహిమ అనుకున్న ఆ చెట్టు నాకు కళ్ల ముందు మెదిలింది. తప్పయిందని అనబోయాను. ఆమె అడ్డం వచ్చింది.

"పార్కుల అందరికి చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నరు?"

ఏమని చెప్పను? "ఏమనలే" అన్నాను.

"ఏమనలేదా?" అంది. నూలు చిక్కు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నన్ను చానా అన్నరు."

లోపల ఆయన కదిలిన చప్పుడైంది. ఆమె తలుపు వైపు చూసింది. "పో అన్నా. ఆయిన లేస్తడు" అంది. క్షమించానని అనలేదు. అనాలని ఎదురుచూసినందుకు మెట్టు దిగుతుంటే నా మీద నాకే రోత పుట్టింది.

దసరా దాటినప్పటి నుంచి ఆమె మళ్లీ పార్కుకు వస్తోంది. మునుపటిలాగే మధ్యాహ్నాలు వచ్చి కానుగ కింద కూర్చుంటుంది. ఎవరూ రావద్దని అనలేదు, రమ్మని కూడా అనలేదు. నా భార్య ఇప్పుడు అప్పుడప్పుడు ఆ వేళకు వెళ్లి ఆమె పక్కన కూర్చుని గడ్డి పీకుతుంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటారో నేను అడగను. నా ముక్కలో తుంగ నేనే పీకుతున్నాను. మోకాళ్లు నొప్పిగానే ఉన్నాయి.

ఒక్కటి మాత్రం మారింది. ఈ ఎండాకాలం ఆమె మళ్లీ జాడించిన నీళ్లు తెస్తోంది. నేను అక్కడ ఉంటే బకెట్ కింద దించి, పోయకుండా నిలబడుతుంది.

"అన్నా, గీ నీళ్లు పోయొచ్చా?"

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని మొదట్లో ఆమె మొహంలోకి చూసేవాణ్ని. లేదు. నిజంగానే అడుగుతోంది. "పోయొచ్చు చెల్లె, ఏం కాదు" అంటాను. అప్పుడు గాని ఆమె బకెట్ ఎత్తదు. ఇన్నాళ్లయినా రోజూ అడుగుతూనే ఉంది, నేను రోజూ చెబుతూనే ఉన్నాను.